మిట్టేమరి గాలి

బాగేపల్లి,
జూన్ మొదటి వారం.

వదినకు, నమ్రత రాస్తున్నది.

పోస్టులో నా చేతిరాత చూసి ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో అని భయపడకు. అమ్మా నేనూ బాగున్నాం. చేతిలో ఫోను పెట్టుకుని కాగితం మీద ఎందుకు రాస్తున్నానో చెబుతాను, నవ్వకు.

సోమవారం మీటింగులో నువ్వూ ఉన్నావు. చిక్కబళ్ళాపురం హెడ్డాఫీసు నుంచి ఓనరు హనుమంతరాయప్ప, ఆయన కొడుకు ధ్రువ, చింతామణి నర్సరీ నుంచి నువ్వు, ఇక్కడి నుంచి నేను, తెరమీద మన మొహాలు గళ్ళు గళ్ళుగా. టమోటా నారు ఆర్డర్ల సంగతి అయిపోయాక హనుమంతరాయప్ప కళ్ళజోడు తీసి, "ఏమ్మా నమ్రతా, మిట్టేమరి గాలి ఎట్లుండాది?" అన్నాడు. నువ్వు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నావు. నేను "బాగుండాదప్పా" అనేశాను. ఆ తరువాత ఆయన ఏం మాట్లాడాడో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

మునిశామప్ప చేను చూడడానికి నేను మిట్టేమరి వెళ్ళిన సంగతి నీకు తప్ప ఎవరికి తెలుసు? ఆ సాయంత్రం ఆఫీసు యాప్‌లో నీ ఒక్కదానికే మెసేజి పెట్టాను. బోరులో నీళ్ళున్నాయని, చేను రోడ్డు పక్కనేనని, మనిద్దరం సొంతంగా నర్సరీ పెట్టుకుంటే ఇంతకంటే మంచి చోటు దొరకదని. అందరూ చూసే గుంపులో పెట్టలేదు. మనిద్దరి మధ్యే పెట్టాను.

ఈ యాప్ తెచ్చినవాడు ధ్రువ. మూడు ఊళ్ళ నర్సరీలూ ఒకేచోట మాట్లాడుకోవచ్చని, ఇది మనందరి ఇల్లు మాదిరి అని, వచ్చిన రోజే చెప్పాడు. ఇల్లు కట్టించినవాడి దగ్గర అన్ని గదుల తాళాలూ ఉంటాయి కదా. మన మాటలు అతను చదువుతున్నాడు. నాకు ఇందులో అనుమానం లేదు.

కాబట్టి ఇకమీదట యాప్‌లో వద్దు. ఆఫీసు ఇచ్చిన ఫోనులో మాట్లాడుకోవడమూ వద్దు. ఇట్లా రాసుకుందాం, తెలుగులోనే. మన నర్సరీల్లో అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే గానీ చదివేది కన్నడమే. నువ్వు కదిరి బడిలో చదివావు, నాకు అమ్మ నేర్పింది. ఇన్నాళ్ళకు అది పనికొచ్చింది.

అన్నకు మాత్రం ఇప్పుడే చెప్పొద్దు. ఆయన పైపుల అంగడి సరుకులో సగం మన ఓనరుకే పోతుంది. పాపం, ఆయనను మధ్యలో ఇరికించినట్టవుతుంది.

నీ నమ్రత

*

చింతామణి,
జూన్, ఏరువాక పున్నమి మరుసటి రోజు.

నా చిట్టి ఆడబిడ్డకు,

పోస్టుమ్యాను నా చేతికి కవరు ఇచ్చి, సంతకం ఏమీ అక్కర్లేదమ్మా అని చెప్పి కూడా కాసేపు నిలబడ్డాడు. ఈ వీధిలో ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో, తెరిచి చదువుతానని చూసినట్టున్నాడు.

నీకు అనుమానం ముందు పుట్టి, తరువాత నువ్వు పుట్టావు. మిట్టేమరిలో మన దగ్గర నారు కొనేవాళ్ళు ఎంతమంది లేరు? నువ్వు గట్టు మీద నిలబడితే ఎవడో ఒకడు చూసుంటాడు. హనుమంతరాయప్పకు ఊరూరా మనుషులున్నారు. ధ్రువ అట్లాంటి పిల్లాడు కాదు.

అయినా ఒక సంగతి నేనూ చెప్పాలి. మొన్న నేను నీడ నెట్టు కింద క్యాబేజీ నారు చూసుకుంటూ ఉండిపోయాను. వచ్చి చూస్తే యాప్‌లో ధ్రువ మెసేజి: "వనజాక్షమ్మా, మీ పేరు పక్కన పచ్చ చుక్క పోయింది, బయట ఉండారా?" మామూలుగానే అడిగాడేమో. కానీ అప్పటినుంచి నారు దగ్గరికి పోయినా మనసు ఆ చుక్క మీదే ఉంటోంది. మొక్కల పని చేసేదాన్ని కుర్చీలో కూర్చోబెట్టే యంత్రం అది. ఇందుకే నీ మాట నాకు రోజురోజుకూ నచ్చుతోంది.

నిన్న అక్కయమ్మ వచ్చింది, శిడ్లఘట్ట దారిలో మిరప పెడుతుందే, ఆమె. "నువ్వు యాడుంటే ఆడికే వస్తా, నాకు అంగడి పేరుతో పనిలే" అంది. నేను ఆమెతో ఏమీ అనలేదులే, నాకు నీ మాదిరి నోరు జారదు.

ఆషాఢం పోనీ. శ్రావణంలో మునిశామప్పతో చేను మాట ఖాయం చేసుకుని తాంబూలం మార్చుకుందాం. నువ్వు చెప్పే వివరాలన్నీ ఒకచోట ఎక్కించి పెడుతున్నాను, రేపు ఏదీ మరిచిపోయామని అనుకోకుండా. మీ అన్నకు చెప్పలేదు.

వదిన

*

బాగేపల్లి,
జులై.

వదినా,

ఈసారి నువ్వు నవ్వవు.

నిన్న మిట్టేమరి వెళ్ళాను. మునిశామప్ప నన్ను చూసి మంచం మీద జరిగి చోటిచ్చాడు గానీ, మొహం మునుపటిలా లేదు. హనుమంతరాయప్ప కారు వచ్చి పోయిందట.

"చేను నాకే ఇయ్యి, ఎక్కువిస్తానన్నాడమ్మా. వాళ్ళు శ్రావణం దాకా వస్తారో రారో, ఆడోళ్ళ మాట నమ్ముకోని ఏంటికి కూచుంటావన్నాడు."

"నువ్వేమన్నావప్పా?"

"మాట ఇచ్చినా అన్నా. ఐతే బిరీన రాండమ్మా. నేనూ ముసిలోన్నే."

శ్రావణం. ఆ మాట యాప్‌లో లేదు వదినా. ఫోనులో లేదు. నువ్వు కాగితం మీద రాశావు, నేను చదివి చింపేశాను. మరి అది హనుమంతరాయప్ప నోట్లోకి ఎట్లా వచ్చింది?

ఈ పొద్దున యాప్‌లో అందరికీ ఒక ఒప్పంద పత్రం వచ్చింది. ఇక్కడ పని మానేసినవాళ్ళు రెండేళ్ళు నారు వ్యాపారం చేయకూడదట. నీకూ వచ్చే ఉంటుంది. నేను సంతకం పెట్టకుండా ఉంచాను.

అడగకూడదనుకుంటూనే అడుగుతున్నాను. అన్నకు చెప్పావా? పొరపాటున, మాటల్లో? ఆయన నాకు తోడబుట్టినవాడే. కానీ ఓనరుతో వ్యాపారం చేసేవాడు కూడా.

మునిశామప్ప వెనక్కి తగ్గితే దిక్కు లేకుండా ఉండకూడదని ఇంకో చోటు చూశాను. గూళూరు దారిలో, బావి ఉన్న తోట. ఇది నీలోనే ఉండనీ.

నమ్రత

*

చింతామణి,
ఆగస్టు.

నమ్రతకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఏం వచ్చిందో చెబితే నీకు సంతోషమవుతుందేమో: భయం.

మీ అన్నకు నేను ఒక్క మాట చెప్పలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన దగ్గర దాచిన సంగతి ఇదొక్కటే, అదీ నీకోసం. కానీ నీ ఉత్తరం వచ్చాక నేను ఆయన్ని చూసే చూపు మారిపోయింది. అన్నం తింటుంటే ఫోను మోగితే పేరు చూస్తున్నాను. హనుమంతరాయప్ప పేరు వచ్చింది. ఆయన కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా మిద్దె మీదికి వెళ్ళి మాట్లాడాడు. దిగి వచ్చాక, "ఎవరు?" అన్నాను. "అంగడోళ్ళు" అన్నాడు. మీ అన్న నాతో అబద్ధమాడడం నేను మొదటిసారి చూశాను. ఇంక నేను చూసే పనే పెట్టుకున్నాను. ఇది నువ్వు ఇంట్లోకి పంపిన పురుగు.

నువ్వు అడిగావు కాబట్టి నేనూ అడుగుతాను. సోమవారం మీటింగుల్లో ధ్రువ ఎవరిని మెచ్చుకుంటున్నాడు? బాగేపల్లి చూసి నేర్చుకోండి అని ఎవరి గురించి అంటున్నాడు? మిట్టేమరికి వెళ్ళింది నువ్వు, మునిశామప్పతో మాట్లాడేది నువ్వు, ఓనరు ప్రశ్న అడిగితే బాగుండాదప్పా అన్నదీ నువ్వే. నేను ఎవరికీ ఏమీ అనలేదు.

పత్రం నాకూ వచ్చింది. నేను సంతకం పెట్టను.

వనజాక్షి

*

బాగేపల్లి,
ఆగస్టు చివర.

వనజాక్షి గారికి,

గూళూరు దారిలో బావి ఉన్న తోట ఏదీ లేదు. నేను ఆ ఊళ్ళో బస్సు కూడా దిగలేదు. అది మీకు మాత్రమే రాసిన అబద్ధం. అమ్మకు కూడా చెప్పలేదు.

పోయిన బుధవారం ఆర్డర్ల విషయం మాట్లాడుతూ ధ్రువ, "గూళూరు పక్క నీళ్ళు బాగుంటాయంట కదా" అన్నాడు.

దీని తరువాత నేను అడగవలసింది లేదు. మీరు చెప్పారా, మీరు చెప్పిన మనిషి చెప్పాడా అన్నది మీ ఇంటి సంగతి.

నర్సరీ మాట మరిచిపోదాం. మునిశామప్ప దగ్గరికి నేను ఇక వెళ్ళను.

నమ్రత

*

చింతామణి,
సెప్టెంబరు.

నమ్రతకు,

నీ "గారు" అందింది. మూడు రోజులు దాన్ని మోసుకుని తిరిగాను. తరువాత సెలవు పెట్టి శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం బస్సెక్కాను. యాప్‌లో అడిగితే జవాబు యాప్‌లోనే వస్తుంది. నాకు మనిషి మొహం చూడాలనిపించింది.

హెడ్డాఫీసులో ధ్రువ ఒక్కడే ఉన్నాడు. నేను నిలబడే అడిగాను.

"గూళూరు సంగతి నీకు ఎవరు చెప్పినారప్పా?"

అతను నావైపు వింతగా చూశాడు. "మీరే కదమ్మా."

"నేనెప్పుడు చెప్పినా?"

"కూచోండి" అని కంప్యూటరు నావైపు తిప్పాడు. వెతికే గడిలో బాగేపల్లి అని కొట్టాడు. మన బాగేపల్లి ఆర్డర్ల కంటే పైన, మొదటి వరుసలో, నేను చేసుకున్న షీటు వచ్చింది. దాని పేరు "మన నారు". మునిశామప్ప చేను, బోరు, శ్రావణంలో తాంబూలం, గూళూరు బావి. నువ్వు మెసేజిలో చెప్పినవీ, ఉత్తరాల్లో రాసినవీ, అన్నీ అందులో కన్నడంలో ఎక్కిస్తూ వచ్చాను. పని నేర్చుకున్న చోటే అలవాటూ వస్తుంది కదా, ఆర్డర్లకు చేసినట్టే దీనికీ చేశాను. నీ మీద కోపంతో ఉత్తరం రాసిన రోజు కూడా గూళూరును ఎక్కించే లేచాను.

"ఇది నా సొంతం. నేనెవరికీ పంపలేదు" అన్నాను.

"ఆఫీసు లాగిన్‌లో చేసినారమ్మా. ఇందులో ఏం చేసినా మామూలుగా అందరికీ కనపడతాది. వద్దంటే మనమే మూసుకోవాల. పైన రాసుండాది చూడండి."

పైన రాసి ఉంది. రోజూ చూసిన అక్షరాలే. కంపెనీ పేరు మాదిరి అదీ ఒక అలంకారం అనుకున్నాను.

"మరి నాకు ఒక్క మాట చెప్పకూడదా?"

"మొదట్లో మీరు కావాలనే పెట్టినారనుకుంటి. మీరు పోతాండారని మాకు తెలియాలని. మా నాయన కూడా అట్లే అనుకున్నాడు. ఆయప్ప రోజూ పొద్దున ఆర్డర్లతో బాటు దీన్నీ చూస్తాడు."

హనుమంతరాయప్ప అప్పుడే లోపలికి వచ్చాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. టీ తెప్పించాడు. "నీ మీద నాకు కోపం లేదు వనజమ్మా. వ్యాపారం అన్నాక ఎవురి జాగ్రత్త వాళ్ళది. నేను చదివినా, నాకు చేతనైంది చేసినా. నీ ఆడబిడ్డ తెలివైంది, పోయిన నెల్లోనే సంతకం పెట్టేసింది. నువ్వొక్కదానివే మిగిలినావు" అన్నాడు.

టీ తాగకుండా లేచాను. నువ్వు సంతకం పెట్టిన సంగతి నీ ఉత్తరంలో లేదు నమ్రతా. నేను చెప్పానా లేదా అని నన్ను నిలదీసిన ఉత్తరంలోనే నువ్వు అది చెప్పలేదు.

ఇంటికి వచ్చి మీ అన్నను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. మిద్దె మీది మాటలేమిటని అడిగాను. ఆయన గోరు గిల్లుకుంటూ చెప్పాడు. ఓనరు జూన్‌లోనే ఫోను చేశాడట. నీ పెళ్ళాన్నీ చెల్లెల్నీ ఆపు, లేకుంటే పైపులు ఇంకోచోట కొంటానని. "కొనుక్కోండప్పా అని చెప్పినా" అన్నాడు మీ అన్న. ఓనరు మళ్ళీ మళ్ళీ ఫోను చేస్తూనే ఉన్నాడట, ఈయన అదే మాట చెబుతూనే ఉన్నాడట. ఇప్పుడు ఆ సరుకు పోవడం లేదు. "నాకు ఏంటికి చెప్పలే?" అంటే, "చెప్తే నువ్వు ఆగిపోతావని. మీరే చెప్తారులే అని చూస్తాంటి" అన్నాడు.

మనం అనుమానించిన మనిషి ఈయన.

వనజాక్షి

*

బాగేపల్లి,
అక్టోబరు.

వదినా,

అట్లా పిలవవచ్చో లేదో తెలియదు. ఇంకోలా పిలవడం చేత కావడం లేదు.

ధ్రువ గూళూరు అన్న రోజే సంతకం పెట్టాను. ఫోను తెరమీద వేలితో గీసేశాను. పెన్ను పట్టుకోవలసి వస్తే మధ్యలో ఆగేదాన్నేమో. నువ్వు నన్ను వదిలేసి ఓనరు వైపు పోయావని, నేను ఒక్కదాన్నే వీధిలో నిలబడ్డానని అనిపించింది. ఉన్న ఉద్యోగాన్ని గట్టిగా పట్టుకోవాలనుకున్నాను. నీకు రాయకపోవడం సిగ్గుతో కాదు. అప్పుడు నువ్వు శత్రువువి, శత్రువుకు ఎందుకు చెప్పాలి అనుకున్నాను. దాన్ని తేలిక చేసి రాయలేను.

నీ ఉత్తరం అందాక మిట్టేమరి వెళ్ళాను. చేను నిండా రాగి పైరు. మునిశామప్ప గట్టు మీదే ఉన్నాడు.

"ఓనరుకు ఇచ్చేసినావా అప్పా?" అని అడిగాను.

"వానికెందుకిస్తా? మీకు మాట ఇచ్చినా కదా. శ్రావణం వచ్చె, పాయె. మీరిద్దరూ రాకుంటిరి. చేను బీడు పెట్టుకోని ఎన్నాళ్ళు కూచోను, రాగి చల్లినా."

హనుమంతరాయప్ప ఎక్కువ ఇస్తానన్నందుకు చేను పోలేదు వదినా. మనం ఒకరినొకరు కనిపెట్టుకుంటూ ఇళ్ళలో కూర్చున్నందుకు పోయింది. శ్రావణంలో నేను గూళూరు అబద్ధం ఎక్కడ తేలుతుందా అని కాచుకుని ఉన్నాను. ఆ రోజుల్లో ఒక్కరోజు చింతామణి బస్సెక్కి ఉంటే సరిపోయేది.

అన్నకు ఏం చెప్పాలో తెలియక ఫోను చేయలేదు. నువ్వు నర్సరీ పెట్టుకో. నన్ను రెండేళ్ళు లెక్కలో వేసుకోకు.

నమ్రత

*

చింతామణి,
నవంబరు.

నమ్రతా,

నేను పని మానేశాను. ధ్రువ నా లాగిన్ మూసేస్తూ, "ఏమీ అనుకోవద్దండమ్మా" అన్నాడు. నేనేమీ అనుకోలేదు. ఆ పిల్లాడు ఏమీ దాచలేదు, మనం ఏమీ అడగలేదు.

తరువాత చిక్కబళ్ళాపురం కోర్టు దగ్గర ఒక లాయరమ్మను కలిశాను. నువ్వు సంతకం పెట్టిన పత్రమే నాకూ వచ్చింది కదా, దాన్ని చూపించాను. పని చేస్తున్నంతవరకే అది కట్టడి, మానేసినాక ఎవరి బతుకు వాళ్ళు బతకకుండా ఆపలేరని చెప్పింది. ఓనరు కేసు వేస్తానని బెదిరించవచ్చు, తిప్పలు పెట్టవచ్చు, అది వేరే. పత్రం మాత్రం అడ్డం కాదు.

ఈ సంగతి నీకు రాయాలా వద్దా అని వారం ఆలోచించాను. పత్రం అడ్డముందనుకుంటే ఇద్దరికీ సుఖంగా ఉండేది. నువ్వు రాలేను అనేదానివి, నేను పాపం అనేదాన్ని. ఇప్పుడు అది లేదు. మిగిలింది నువ్వూ నేనే.

మొన్న మీ అన్నా నేనూ మిట్టేమరి పోయాం. రాగి కంకి బరువుకు వాలి ఉంది. కోత అయినాక చేను ఇస్తావా అని అడిగాను. మునిశామప్ప నన్నూ మీ అన్ననూ మార్చి మార్చి చూసి, "ఆ చిన్నామె యాడమ్మా?" అన్నాడు. "ఉద్యోగంలో ఉండాది" అన్నాను. "ఇద్దరూ వస్తేనే ఇస్తా. ఒకరు పోయి ఒకరొస్తే, రేపు నువ్వూ పోతావు" అన్నాడు.

నేను, "ఇద్దరం వస్తాం" అని చెప్పాను. చెబుతున్నప్పుడు అబద్ధమాడుతున్నానేమో అనిపించింది.

నీ మీద కోపం పోయిందని రాయను. కాస్త ఉంది. కూరలో ఉప్పు ఎక్కువైతే కూడా నువ్వు గుర్తొస్తున్నావు. అయినా రాస్తున్నాను. ఈ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించాను. ఇకమీదట నువ్వు రాసేవీ ఆయన ముందే చదువుతాను. ఆయనకు తెలియకూడనిది ఏదైనా ఉంటే రాయొద్దు.

వదిన

*

బాగేపల్లి,
డిసెంబరు.

వదినకూ, అన్నకూ,

ఇద్దరి పేర్లూ రాస్తున్నాను, ఎట్లాగూ కలిసే చదువుతారు కాబట్టి.

నిన్న నా రాజీనామా యాప్‌లోనే పెట్టాను. అందరికీ కనిపించేటట్టు పెట్టాను. సాయంత్రం హనుమంతరాయప్ప ఫోను చేసి, "సంతకం గుర్తుండాదా?" అన్నాడు. "ఉండాదప్పా" అన్నాను. "తిప్పలు పడతావు" అన్నాడు. అదీ నిజమే కావచ్చు. అమ్మ పక్కనే కూర్చుని విన్నది, ఆమెకు నేనే మొదటి నుంచి చెప్పాను.

ఒక సంగతి దాచకూడదు. మీ ఉత్తరం వచ్చినప్పుడు కవరు అంచు ఒకచోట లేచి, మళ్ళీ అంటించినట్టుంది. నా మనసు మొట్టమొదట అడిగింది, ఎవరు తెరిచారు అని. తరువాత, లాయరమ్మ నిజంగా అట్లా చెప్పిందా, నన్ను ఉద్యోగం మానిపించడానికి వదిన రాసిందా అని. కాసేపటికి నాకే అసహ్యం వేసింది. కానీ అడగకుండా ఉండలేదు నా మనసు. ఇంకా కొన్నాళ్ళు ఇట్లాగే అడుగుతుందేమో. అప్పుడు కాగితం మీద కాకుండా నీ మొహం చూసి అడుగుతాను, నువ్వు నా మొహం చూసి తిట్టు.

ఆదివారం మొదటి బస్సుకు బయలుదేరి మిట్టేమరిలో దిగుతాను. మీరు చింతామణి నుంచి వచ్చేసరికి ఆలస్యమైతే మునిశామప్ప గట్టు మీద కూర్చుని ఉంటాను. అన్న నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, రమ్మని చెప్పు.

నమ్రత